తామ్రమును, దాని సాంగత్యమును

(పఠనాలయమున నొసగిన యుపన్యాసము)



రాగిచెంబులో రాత్రి నీరుంచి యుదయమున త్రాగుట మన యిండ్లలో ననాదిగా వచ్చుచున్న వాడుక. వాడుక యొకటి, రుజువు వేరొకటి. ఈ వాడుకకు రుజువు 2012లో వెలువడినది. మన దేశపు పరిశోధకులు కలరా, టైఫాయిడు మున్నగు వ్యాధుల బాక్టీరియాను నీటిలో కలిపి రాగిపాత్రలో 16 గంటలుంచిరి. పిదప నొక్కటియు బ్రదికి కానరాలేదు. నీటిలో దిగిన రాగియు ప్రపంచారోగ్యసంస్థ విధించిన హద్దును దాటలేదు.

అయితే, రాగికి గల యీ మంచిపేరు నడ్డము పెట్టుకొని అంగళ్లలో రాగికడియములు, అయస్కాంతపు పట్టీలు రోగహరములని యమ్మబడుచున్నవి. కనుక రాగికిని అయస్కాంతమునకును గల నిజమైన సంబంధ మేమో విచారింతము.

వట్టి రాగిని అయస్కాంత మాకర్షింపదు. పైగా నించుక త్రోసివేయును. రాగి పరమాణువు రెండు ఎలక్ట్రానులను గోల్పోయినప్పుడు దానిలో జతలేని ఎలక్ట్రాను ఒక్కటి మిగులును. ఆ యేకాకియే యొక చిన్న అయస్కాంతము. అట్టి రాగి యొంటరిగా నుండదు. నీటినో, అమోనియానో, మరియొక పదార్థమునో చుట్టును చేర్చుకొనును. వీనినే సమన్వయ సమ్మేళనములందురు. మైలుతుత్తపు నీలవర్ణము చుట్టునున్న నీటివలన గలిగినదే. కాచి నీటిని తరిమితిమా, తెల్లబడును.

ఆ యొక్క ఎలక్ట్రానుకు లెక్క ప్రకారము రావలసిన అయస్కాంతబలము 1.73 బోర్ మాగ్నెటానులు. తామ్ర ఎసిటేటు మాత్రము 1.4 ప్రాంతముననే నిలుచును. చల్లార్చినకొలది అదియు తరుగును. ఏల? రెండేసి రాగి పరమాణువులు ప్రక్కప్రక్కన జేరి యొకదాని బలము నొకటి యణచుచున్నవని 1952లో ఆక్స్‌ఫర్డునందు బ్లీనీ, బవర్సు అనువారు నిర్ణయించిరి. మరుసటి యేడు ఎక్స్-కిరణములతో జూడగా ఆ జంటలు బయటపడినవి. పరోక్షసాక్ష్యమునకు ప్రత్యక్షసాక్ష్య మింత చక్కగా తోడగుట యెంత యరుదో న్యాయవాదులమైన మేమెరుగుదుము!

ఈ కొలతలలో మనవారు వెనుకబడలేదు. 1928లో లాహోరునందు శాంతిస్వరూప భట్నాగరు, మాథురు అయస్కాంతగుణమును కొలుచు త్రాసు నొకదానిని కల్పింపగా, లండనులోని ఆడం హిల్గరు కంపెనీ దానిని చేసి యమ్మినది. ఆ దినములలో సరకు ఇటనుండి పోవుటయు, యంత్ర మటనుండి వచ్చుటయు పరిపాటి. ఇచట యంత్రపు తెలివియే యిటనుండి పోయినది.

ఇక క్రిములమాట. చుట్టుచేరిన యణువులు రాగి విద్యుదావేశమును కొంత పంచుకొనుటచే, క్రొవ్వుతో గూడిన క్రిమిపొరను సమ్మేళనము సులువుగా దాటునని ట్వీడీ యనునాతడు సూచించెను. లోపల జేరిన రాగి తన రెండు స్థితులనడుమ మారుచు తీక్ష్ణమైన ఆక్సిజను రూపములను పుట్టించి క్రిమిని చెరచును. కాని అయస్కాంతపు కొలత సమ్మేళనపు నిర్మాణమును చెప్పునేగాని, దాని క్రిమిహరశక్తిని చెప్పదు. ప్రయోగశాల పళ్లెములో క్రిమి చచ్చినంత మాత్రమున మందు సిద్ధమైనట్లు కాదు. క్రిమిని చంపునది మన కణమును జంపకుండునా యనునది వేరు విచారణ.

కడియముల విచారణయు జరిగినది. 70 మంది కీళ్లవాతపు రోగులపై ఇంగ్లండునందు జరిపి 2013లో ప్రకటించిన పరీక్షలో, రాగికడియమునకు గాని అయస్కాంతపు పట్టీకి గాని ఉత్తుత్తి పట్టీకి మించిన గుణము కానరాలేదు.

చెంబులో నీరుంచువారికి మరియొక మాట. చింతపండులోని యామ్లము రాగిని చుట్టుకొని పులుసులోనికి దించును. అదియు నొక సమన్వయ సమ్మేళనమే. మితిమీరిన రాగి వాంతులు గలిగించును, కాలేయమును చెరచును. కళాయి లేని రాగిపాత్రలో పులుసును, మజ్జిగను ఉంచరాదు.