సోమవారం దగ్గు, బీడీ ముక్క
(షోలాపూర్ కార్మికుల సభలో యూనియన్ కార్యదర్శి చేసిన ప్రసంగ పాఠం)



మే 31 ప్రపంచ పొగాకు వ్యతిరేక దినం. ఈ మాట మన వేదిక మీద ఎత్తితే కొందరికి ఇబ్బందిగా ఉంటుందని మాకు తెలుసు. షోలాపూర్‌లో మగవాళ్లు సాంచాల మీదో, స్పిన్నింగ్ మిల్లులోనో ఉంటే, ఇంట్లో ఆడవాళ్లు చాట ఒళ్లో పెట్టుకుని బీడీలు చుడుతున్నారు. సాంచాలు ఆగిన వారాల్లో ఆ బీడీ కూలే మన పొయ్యి వెలిగించింది. కాబట్టి పొగాకును నాలుగు తిట్టి, చప్పట్లు కొట్టించుకుని దిగిపోవడానికి మేము రాలేదు.

మిల్లులోకి అగ్గిపెట్టె రానివ్వరు. దూది దగ్గర నిప్పు పనికిరాదు గదా. అందుకని గేటు బయట బీడీ, లోపల తంబాకు, సున్నం. పెదవి కింద పెట్టుకుంటే రాత్రి పాళీలో నిద్ర రాదని, ఆకలి తెలియదని పాతవాళ్లు నేర్పారు. మేమూ నేర్చుకున్నాం. మానడానికి చాలా ఏళ్లు పట్టింది. ఇళ్లలో మిశ్రీ ఉంది, కాల్చిన పొగాకు పొడి. పళ్లకు రుద్దుకునేదే గదా అనుకుంటారు. నోటి క్యాన్సర్‌కు అదీ దారే.

ఇక నుసి సంగతి. బ్లో రూములో, కార్డింగులో చేసినవారికి సోమవారం దగ్గు తెలియనిది కాదు. సెలవు తర్వాత పనిలోకి దిగిన మొదటి రోజు రొమ్ము బిగబట్టి ఊపిరి ఆడదు. మంగళవారానికి కొంత నయమనిపిస్తుంది. ఏళ్లు గడిచేకొద్దీ అది వారమంతా పాకుతుంది. డాక్టర్లు దీన్ని బిస్సినోసిస్ అంటారు. వృత్తి వ్యాధుల జాబితాలో ఉంది, నష్టపరిహారానికి హక్కు ఉంది. పొగతాగే వాడికి ఇది మరింత తీవ్రంగా వస్తుంది.

కానీ పరీక్షకు పోతే మొదటి ప్రశ్న ఏమిటి? బీడీ తాగుతావా? అవునంటే, పొగతాగడం వల్ల దగ్గు అని రాసి పంపుతారు. మాతో కార్డింగులో పాతికేళ్లు చేసిన ఒక అన్నకు ఇదే జరిగింది. కాగితంలో నుసి గురించి ఒక్క ముక్క లేదు. పైసా రాలేదు. బీడీ ఆయన ఊపిరినీ తిన్నది, యజమాని తప్పునూ కప్పింది.

ఈ కప్పిపుచ్చే విద్యలో పొగాకు కంపెనీలే గురువులు. సిగరెట్‌కూ ఊపిరితిత్తుల క్యాన్సర్‌కూ సంబంధం ఉందని 1950లో ఇంగ్లండులో డాల్, హిల్ లెక్కలతో చూపారు. 1954 జనవరిలో అమెరికా కంపెనీలు కలిసికట్టుగా వందలాది పత్రికల్లో ప్రకటన వేసి, రుజువు లేదన్నాయి. నలభై ఏళ్ల తర్వాత, 1994లో, ఏడు కంపెనీల అధిపతులు నికోటిన్ వ్యసనం కాదని తమ నమ్మకమంటూ అమెరికా పార్లమెంటు సంఘం ముందు ప్రమాణం చేసి చెప్పారు. 1998లో 46 రాష్ట్రాలకు 25 ఏళ్లలో 20,600 కోట్ల డాలర్లు కడతామని కంపెనీలు ఒప్పందం చేసుకున్నాయి. అయినా వ్యాపారం ఆగిందా? పొగాకు వాడేవారిలో నూటికి ఎనభై మంది ఇప్పుడు పేద, మధ్య ఆదాయ దేశాలవారే. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో ఏటా 70 లక్షల మందికి పైగా చస్తున్నారు.

పత్తి నుసి మీదా ఇదే పాట. అమెరికా ప్రభుత్వం 1978లో నుసికి హద్దు పెడితే మిల్లు యజమానులు కోర్టుకెక్కారు. 1981లో సుప్రీంకోర్టు కార్మికుల ఆరోగ్యం పక్షానే తీర్పిచ్చింది.

మన అక్కల మాట. తునికాకు, పొగాకు ధూళి వాళ్ల రొమ్ములోకీ పోతోంది. బీడీ కార్మికుల సంక్షేమ నిధి 1976లో వచ్చింది. దానికి పెట్టిన సెస్సును 2017లో జీఎస్టీతో ఎత్తేశారు. బీడీ మూసెయ్యమనే పెద్దమనుషులు, చుట్టే చేతికి ఏ పని ఇస్తారో కూడా చెప్పాలి. అది చెప్పేదాకా కూలి కోసం, ప్రావిడెంట్ ఫండ్ కోసం మేము వాళ్ల వెంటే ఉంటాం.

ఆదివారం ఉదయం పది గంటలకు ఆఫీసుకు రండి. సోమవారం ఎవరెవరికి రొమ్ము పడుతోందో పేర్లు రాసుకుంటున్నాం. ఏ ఖాతాలో ఎన్నేళ్లు చేశారో చెప్పండి, ఈఎస్ఐ కార్డు ఉన్నవారు తెచ్చుకోండి. బీడీ తాగేవాళ్లు సిగ్గుపడి ఇంట్లో కూర్చోకండి, ముందు రావలసింది మీరే.