పేరు రాయించుకునే పని

వేదిక మీది పెద్దలందరికీ కలిపి ఒకే నమస్కారం పెట్టి, ఆ సీనియర్ న్యాయవాది నేరుగా 1329 ఫసలీకి వెళ్ళిపోయారు. ఎదురుగా ఆ ఏడు పట్టాలందుకుంటున్న హైదరాబాద్ లా విద్యార్థులు.

1329 ఫసలీ అంటే 1919. హిజ్రాల మీద నిజాం సర్కారు ఓ చట్టం చేసింది. పోలీసు రిజిస్టరుకెక్కినవారు ఆడవేషంలో వీధిలో కనిపించినా, నలుగురిలో ఆడినా పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చు. రెండేళ్ళ దాకా జైలు. నిజాం పోయాడు, రాష్ట్రాలు మారాయి, చట్టం మాత్రం కదల్లేదు. ట్రాన్స్ హక్కుల కార్యకర్త వైజయంతి వసంత మొగ్లి తదితరులు కోర్టుకెక్కాక, 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది.

"అడక్కుండా పేర్లు రాసుకోవడానికి సర్కారుకి ఏ ఇబ్బందీ లేదు. మేమే వచ్చి రాయించుకుంటామంటేనే రేపు రమ్మంటుంది," అన్నారామె. పిల్లలు నవ్వారు. ఆమె నవ్వలేదు.

తన క్లయింటు కథ అందుకున్నారు. ట్రాన్స్ మహిళ, గుర్తింపు పత్రానికి దరఖాస్తు పెట్టుకుంది. సర్జరీ చేయించుకోవాలని పట్టుబట్టడం చట్టవిరుద్ధమని సుప్రీంకోర్టు 2014లోనే, నాల్సా కేసులో చెప్పింది. ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల 2019 చట్టం కింద వచ్చిన 2020 నాటి రూల్స్ కూడా వైద్య పరీక్ష అక్కర్లేదు, అఫిడవిట్ చాలన్నాయి. అయినా ఓ జిల్లా ఆఫీసులో గుమాస్తా సర్జరీ రిపోర్టు అడిగాడు. రూలు తీసి అతని చేతనే పైకి చదివించారట. పూర్తిగా చదివి, "సార్‌ని అడగాలి మేడమ్" అన్నాడు.

పత్రం చేతికొచ్చాక అసలు తిరుగుడు మొదలు. టెన్త్ మెమో, డిగ్రీ పట్టా, పాన్, బ్యాంకు పాస్‌బుక్: ఒక్కోదానికి ఒక్కో కౌంటర్. ఆ పత్రం ఉంటే పేరు మార్చుకునే హక్కు 2019 చట్టం ఏడో సెక్షనే ఇచ్చింది. కౌంటర్‌లో ఫారం మీద మాత్రం పేరు మార్పుకి పెళ్ళి ఒక్కటే కారణం!

2022లో ట్రాన్స్ మహిళలు ప్రాచీ రాథోడ్, రూత్ జాన్‌పాల్ ఉస్మానియా ఆస్పత్రిలో డాక్టర్లుగా చేరినప్పుడు అందరూ ఫోటోలు వేశారని, కాగితాల సంగతి మాత్రం ఎవరికీ పట్టదని విసుక్కున్నారు.

ఇక ఆగలేదు. "మీ అందరికీ సుప్రీంకోర్టు కావాలి. ఏం నాయనా, ఫోను చూసింది చాల్లే! ఒక్క అఫిడవిట్ తప్పుల్లేకుండా రాయగలవా?" ఆ అబ్బాయి ఫోను జేబులో పెట్టేశాడు.

శనివారాల్లో తన ఆఫీసులో ఇలాంటి ఫారాలు నింపడానికి మనుషులు కావాలన్నారు. స్టైపెండ్ ఉండదని, టీ మాత్రం ఇరానీదేనని ముందే చెప్పి కూర్చున్నారు.