పై అంకెను విస్మరింపరాదు
(రాజుపాలెములో పంచాయతీ సభ్యుల నుద్దేశించి చేసిన ప్రసంగ పాఠము)



మంచినీరు, వీధి దీపములు, మురుగు కాలువలు మీ సభలలో తరచు చర్చకు వచ్చును. రక్తపుపోటు రాదు. అది వైద్యుల పని యని తలచుట సహజమే. కాని కాలు చేయి పడిపోయిన పెద్దకు వైద్యము చేయింపలేక ఒక కుటుంబము పొలమమ్ముకొన్నచో, ఆ నష్టము గ్రామమునదే. రాజ్యాంగపు పదునొకండవ షెడ్యూలు ఆరోగ్యమును పంచాయతీల విషయములలో చేర్చియే యున్నది.

రక్తపుపోటునకు రెండంకెలు గలవు. గుండె ముడుచుకొని రక్తమును నెట్టునప్పటిది పై అంకె. విశ్రమించునప్పటిది క్రింది అంకె. వయసు మీరిన కొలది పెద్ద రక్తనాళములు గట్టిపడి సాగుదల కోల్పోవును. అందుచే పలువురు వృద్ధులలో క్రింది అంకె 90 లోపుననే యుండి, పై అంకె మాత్రము 140 దాటును. “వయసునకు ఇది మామూలే” యని ఊరకుండరాదు. 60 ఏండ్లు దాటి, పై అంకె 160కి తగ్గక యున్న ఇట్టివారికి మందిచ్చినచో పక్షవాతము మూడింట ఒక వంతుకు మించి తగ్గునని 1991లో అమెరికాలో వెలువడిన పరిశోధన తేల్చినది.

ఈ జబ్బునకు చాలమందిలో ఏ బాధయు ఉండదు. కనుక 30 ఏండ్లు దాటిన ప్రతివారును పరీక్ష చేయించుకొనవలెను. అయిదు నిమిషములు వీపు ఆనించి కూర్చుండి, చేతిని గుండె ఎత్తున బల్లపై నుంచి, మాటలాడకుండవలెను. అరగంట ముందు కాఫీ, టీ, చుట్ట కూడదు. అంకె హెచ్చినచో వేరొక దినమున మరల చూపించుకొనవలెను.

వైద్యుడిచ్చిన మాత్రలను అంకె తగ్గినదని మానరాదు. తగ్గినది మందు వలననే. ఒకనాడు మరచినచో మరునాడు రెండు మ్రింగరాదు. లేచునప్పుడు కళ్లు తిరిగినను, వాంతులు విరేచనములు పట్టుకొన్నను వైద్యునికి తెలుపవలెను; మోతాదు మార్చవలసి యుండవచ్చును. మిరపకాయ కోతల కాలమున నడుము నొప్పికని అంగడిలో కొను మాత్రలలో పెక్కు రక్తపుపోటును పెంచి, మూత్రపిండములను చెరచును.

పల్నాటి భోజనమున పచ్చడికి పెద్దపీట. అందులోని కారము కంటె ఉప్పే చేటు. ఒకరికి దినమునకు అయిదు గ్రాములకు, అనగా ఒక చిన్న చెంచాకు, ఉప్పు మించరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ సలహా. ఊరగాయ, అప్పడములు, ఎండుచేపలు ఆ లెక్కలోనివే.

మూతి వంకరపోయినను, మాట తడబడినను, ఒక ప్రక్క చేయి పట్టు తప్పినను వెంటనే 108ని పిలువుడు. పక్షవాతమున నెత్తురు గడ్డను కరిగించు మందును సాధారణముగా నాలుగున్నర గంటలలోపల ఇయ్యవలెను. పసరు వైద్యమునకై ఆ కాలమును పోగొట్టరాదు. నాలుక క్రింద మాత్ర నుంచి పోటును ఒక్కసారిగా దించబూనుటయు ప్రమాదమే.

వైద్యుడే గ్రామమునకు వచ్చు విధానము 2023 ఏప్రిల్ 6న మన జిల్లాలోని లింగంగుంట్లలో ఆరంభింపబడినది. వైద్యము ఇంటి ముంగిటికి వచ్చినను, దానిని ప్రతి ఇంటికి తెలుపు బాధ్యత మీది. పరీక్ష దినమును ముందుగా చాటింపు వేయింపుడు. నీడ, బల్ల, కుర్చీ అమర్పుడు. మాత్రలు చాలనిచో ప్రాథమిక ఆరోగ్య కేంద్రపు వైద్యాధికారికి వెంటనే వ్రాయుడు. కూలికై ఊరు విడుచువారికి ముందుగానే నెలకు సరిపడ మాత్రలు ఇప్పింపుడు.

రోగుల పేర్లు సభలో చదువరాదు. ఎందరికి పరీక్ష జరిగినది, ఎందరు మాత్రలు మానిరి అను రెండు లెక్కలను మాత్రము ప్రతి నెల ఆశా కార్యకర్తను అడుగుడు. ఆ ప్రశ్న పంచాయతీ సభలో తప్పక వినబడవలెనని మా మనవి.