కుండీలోని మొక్కకు కొలత తిండి

(వరంగల్లు కేంద్రమునుండి ప్రసారమైన ప్రసంగ పాఠము)

మిద్దెమీదనో, పెరటిలోనో నాలుగు కుండీలు పెట్టి మొదటిసారి మొక్కలు పెంచువారు నేడు మన వరంగల్లు, హనుమకొండ, కాజీపేటలలో వీథివీథినా కనబడుదురు. వీరిలో పెక్కుమంది రెండవ యేట ఆ పని మానివేయుదురు. కుండీలు మూలకు చేరును. కారణమడిగినచో, "మాది మంచి చెయ్యి కాదండీ, ఏ మొక్క పెట్టినా బతకదు" అందురు. చేతియందు దోషమేమియు లేదు. ఆ చేతిలోని ఎరువు కొలతయందు దోషమున్నది. కుండీలో చచ్చిన మొక్కను పెరికి వేళ్లు పరిశీలించినచో, ఆకలితో చచ్చినది అరుదుగా కనబడును. అతిగా తిని చచ్చినవి, అతిగా త్రాగి చచ్చినవి ఎక్కువ. కనుక ఈనాడు మొక్కకు ఏమి పెట్టవలెనో, ఎంత పెట్టవలెనో, ఎప్పుడు పెట్టకుండ ఊరకుండవలెనో మనవి చేసెదను.

మొట్టమొదట ఒక విషయము స్పష్టము చేసికొందము. ఎరువును మనము మొక్కకు తిండి యని వాడుకగా అనుచున్నాము. నిజమునకు మొక్క తన అన్నము తానే వండుకొనును. ఎండయే దాని పొయ్యి. గాలి, నీరు దాని బియ్యము, ఎసరు. ఎరువు ఆ వంటలోని ఉప్పు, చింతపండు వంటిది. మొక్క పెరుగుటకు 17 మూలకములు అవసరమని శాస్త్రజ్ఞులు నిర్ణయించిరి. వానిలో మూడు గాలి నీళ్లనుండి లభించును. తక్కిన 14 సామాన్యముగా మట్టినుండియే రావలెను. వానిలో నత్రజని, భాస్వరము, పొటాషియము అను మూడింటిని మొక్క ఎక్కువగా కోరును. నత్రజని ఆకును పెంచును. భాస్వరము వేరును బలపరచును. పొటాషియము పూతకు, కాయకు, రోగములను తట్టుకొను శక్తికి తోడ్పడును. 19వ శతాబ్దములో జర్మనీకి చెందిన లీబిగ్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ఒక సూత్రమును ప్రచారములోనికి తెచ్చెను. ఏ పోషకము అన్నింటికంటె తక్కువగా నున్నదో దానిని బట్టియే పెరుగుదల ఉండునని దాని సారాంశము. పులుసులో ఉప్పు చాలనప్పుడు చింతపండు రసము ఎంత పోసినను రుచి కుదరదు గదా! మొక్క సంగతియు అట్టిదే. నత్రజని సమృద్ధిగా ఉన్న కుండీలో మరల నత్రజనియే గ్రుమ్మరించినచో లాభము లేకపోగా నష్టము కలుగును.

ఇక మట్టి. మన ప్రాంతమున ఎర్ర చెలక నేలలును, నల్లరేగడి నేలలును రెండును కలవు. చెలక మట్టి నీటిని త్వరగా విడిచివేయును, అందు సారము నిలువదు. రేగడి నీటిని పట్టి ఉంచును గాని కుండీలో గట్టిపడి వేళ్లకు గాలి ఆడనీయదు. రెండు పాళ్లు చెలక మట్టి, ఒక పాలు బాగుగా చివికిన పశువుల ఎరువు, ఒక పాలు ఇసుక కలిపినచో ఇంటి కుండీకి చాలును. చెరువు మట్టి దొరికినవారు చెలక మట్టిలో కొంత తగ్గించి దానిని చేర్చవచ్చును. కాకతీయుల నాటి పాకాల, రామప్ప, లక్నవరము చెరువుల నీడన బ్రదికిన జిల్లా మనది. వేసవిలో చెరువు పూడిక తీసి పొలములకు తోలుకొనుట మన పెద్దలకు తెలిసిన విద్య. 2015లో ఆరంభమైన మిషన్ కాకతీయలో ఆ పూడిక మట్టి మరల పొలములకు చేరినది. దానిలోని సన్నని బంకమట్టి నీటిని, సారమును పట్టి ఉంచును. అయితే దానిని ఎండబెట్టి, చితుకగొట్టి, ఇసుకతో కలిపియే వాడవలెను.

పశువుల ఎరువు చివికినదై యుండవలెనని నొక్కి చెప్పుచున్నాను. పచ్చిపేడ కుళ్లునప్పుడు వేడి పుట్టును, పురుగును రప్పించును. చివికిన ఎరువు నల్లగా, పొడిపొడిగా నుండి, వాన కురిసిన నేల వాసన వేయును. పేడ వాసన వచ్చుచున్నంత కాలము అది సిద్ధము కాలేదని గ్రహింపుడు.

ఇప్పుడు మిరప మొక్కను ఉదాహరణగా తీసికొందము. ఎనుమాముల మార్కెట్టు ఉన్న ఊరిలో మిరపకంటె మంచి ఉదాహరణ ఏమున్నది? నర్సంపేట ప్రాంతమున పండు చపాట మిరపకు 2025లో భౌగోళిక గుర్తింపు లభించినది. లావుగా, ఎర్రగా, కారము తక్కువగా నుండు ఆ కాయను కుండీలోను పెంచవచ్చును.

విత్తనము మొలచినప్పుడు తన బువ్వ తాను తెచ్చుకొనును. మొదట విప్పుకొను రెండు బీజదళములే దాని చద్దిమూట. నాలుగు నిజమైన ఆకులు వచ్చువరకు దానికి ఏ ఎరువును పెట్టరాదు. మొలకెత్తిన ముప్పదియైదు, నలుబది రోజులకు నారును కుండీలోనికి మార్చవలెను. మార్చిన పిదప పదునైదు రోజులు మట్టిలోని సారమే చాలును. తరువాత కొమ్మలు వేయు దశలో నత్రజని కొలదికొలదిగా ఈయవలెను. మొగ్గ కనబడినది మొదలు నత్రజనిని తగ్గించి పొటాషియము వైపు మొగ్గవలెను. పూత సమయమున నత్రజని ఎక్కువైనచో చెట్టు ఏపుగా, నల్లగా, చూడముచ్చటగా నుండును గాని పూవు రాలిపోవును. లేత ఆకు పురుగులకు విందగును. కట్టెల బూడిదలో పొటాషియము కలదు. నెలకొకసారి ఒక చెంచాడు చాలును. బూడిద క్షారగుణము కలది. రేగడి మట్టి ముందే క్షారము వైపు మొగ్గియుండును గనుక అట్టి మట్టి కుండీలకు దానిని వేయకుండుటయే మేలు.

మా వీథిలో ఒక ఇల్లాలు మిరప కుండీకి పిడికెడు యూరియా వేసినది. మూడు దినములలో ఆకులు అంచుల వెంట మాడి, చెట్టు తలవాల్చినది. "పిల్లలకు పెట్టినట్టు కడుపునిండ పెట్టిన సారూ, గిట్లెందుకైంది?" అని ఆమె అడిగినది. ఆ ప్రశ్నకు సమాధానము లెక్కలో నున్నది. నీటి వసతి గల మిరపకు ఎకరమునకు 120 కిలోల నత్రజని వేయుమని వ్యవసాయ విశ్వవిద్యాలయము సిఫారసు చేయుచున్నది. యూరియాలో నత్రజని నూటికి 46 పాళ్లు. కనుక అది సుమారు 260 కిలోల యూరియాకు సమానము. ఎకరము నేలలో జానెడు లోతు మట్టి బరువు ఉరమరగా 9 లక్షల కిలోలు. అనగా కిలో మట్టికి గ్రాములో మూడవ వంతు యూరియాయైనను పడదు. మీ కుండీలో 10 కిలోల మట్టి యున్నచో పంటకాలము మొత్తమునకు 3 గ్రాములు! చిన్న చెంచాడుకంటె తక్కువ. అదియు పొలములో ఒక్కమారు కాక, నాలుగైదు విడతలుగా వేయుదురు. పిడికెడు అనగా నలుబది గ్రాములకు తగ్గదు. ఒక్క పూటలో పదమూడు పంటల తిండి ఆ మొక్క ముందర పెట్టినట్లయినది.

"పొలములో మొక్కకు ఇంతకంటె ఎక్కువే వేయుదురు గదా" యని రైతు కుటుంబములవారు అడుగవచ్చును. నిజమే. కాని పొలములోని మొక్క చుట్టును ఎంతో మట్టి యున్నది. వేరు తప్పించుకొని పోవుటకు చోటున్నది. కుండీలోని వేరు ఎచ్చటికి పోగలదు? కనుక ఇంటివారు మొక్క లెక్క విడిచి, మట్టి లెక్క పట్టుకొనవలెను.

ఎక్కువ ఎరువు మొక్కను ఎట్లు చంపునో తెలిసికొనుటకు ప్రయోగశాల అక్కరలేదు. ఆవకాయ పెట్టు ఇంట అందరును ఎరుగుదురు. మామిడి ముక్కకు ఉప్పు పట్టించినచో ముక్కలోని నీరు బయటికి ఊరును. రసాయనపు ఎరువు కూడ ఒక విధమైన ఉప్పువంటిదే. వేరు చుట్టును దాని గాఢత పెరిగినచో వేరు నీటిని పీల్చుకొనజాలదు. తనలోని నీటిని సయితము పోగొట్టుకొనును. కుండీ నిండ తడి యున్నను మొక్క దాహముతో ఎండును. అట్టి ప్రమాదము జరిగినప్పుడు పైన తేలియున్న ఎరువును తీసివేసి, కుండీ అడుగు రంధ్రమునుండి ధారగా కారిపోవునట్లు నిండుగా నీరు పోసి, పిమ్మట నీడన ఉంచవలెను. వెంటనే చూచుకొన్నచో కొన్ని మొక్కలు కోలుకొనును.

యూరియా వాడదలచినవారికి కొలత చెప్పుచున్నాను. చిన్న చెంచాలో నాలుగవ వంతు, అనగా సుమారు ఒక గ్రాము, రెండు లీటర్ల నీటిలో కరిగించి, కుండీకి అర లీటరు చొప్పున, పదునైదు రోజుల కొకసారి పోయవలెను. ముందుగా మట్టిని మామూలు నీటితో తడుపవలెను. ఎండిన మట్టిపై ఎరువు నీరు పోయరాదు. యూరియాయే అవసరము లేదనువారు వేపపిండినో, వేరుసెనగ పిండినో గుప్పెడు తీసికొని కుండీ అంచుల వెంట మట్టిలో కలుపవచ్చును. ఇవి మెల్లగా కరిగి, మెల్లగా ఆకలి తీర్చును. రెండు నెలలకొకసారి చాలును. క్రొత్తవారికి ఇదియే క్షేమమైన మార్గము.

మొక్కకు మాటలు రావు గాని ఆకు దాని నాలుక. క్రింది ముదురాకులు సమముగా పసుపుబారినచో నత్రజని చాలదని అర్థము. ముదురాకుల అంచులు మాడినచో పొటాషియము లోపము కావచ్చును. ఈనెలు పచ్చగా నుండి లేతాకులు పాలిపోయినచో ఇనుము అందుటలేదు; సున్నము ఎక్కువైన నేలలో ఇది సామాన్యము. అయితే తొందరపడకుడు. నీరు నిలిచి వేళ్లు కుళ్లినప్పుడును ఆకు పసుపుబారును. ముందు వ్రేలును రెండు కణుపుల లోతు మట్టిలో గ్రుచ్చి చూడుడు. తడి తగిలినచో నీరు ఆపుడు, ఎరువు మాట ఎత్తకుడు. మిరపాకు పైకి ముడుచుకొన్నచో అది తామర పురుగు పని. క్రిందికి ముడుచుకొన్నచో నల్లి పని. ఆకు ముడుతను ఆకలి యనుకొని ఎరువు పెట్టుట పురుగునకు వడ్డన చేయుటయే యగును. 2021-22లో నల్ల తామర పురుగు మన ప్రాంతపు మిరప తోటలను ఎంత దెబ్బతీసినదో రైతులు మరువలేదు.

ఈ సందేహములు మనకు మాత్రమే కలిగినవి కావు. కెనడాలో 2018 నుండి చాల రాష్ట్రములలో ఇంటికి నాలుగు చొప్పున, జర్మనీలో 2024 నుండి పెద్దలకు తలకు మూడు చొప్పున గంజాయి మొక్కలు పెంచుకొనుటకు చట్టము అనుమతించినది. అచ్చటి క్రొత్తవారిని బాధించు సమస్యలలో ఎరువు కొలతయు ఒకటి. మన దేశమున 1985 నాటి మాదకద్రవ్యముల చట్టము ప్రకారము అనుమతి లేక ఆ మొక్కను ఒక్కదానినైనను పెంచుట నేరము. దాని జోలికి పోవలసిన పని మనకు లేదు. దాని ఆకును పోలిన ఆకు గల మొక్క మన పెరటిలోనే యున్నది. గోగులలో ఒక జాతికి శాస్త్రజ్ఞులు పెట్టిన పేరు హైబిస్కస్ కన్నాబినస్. ఆకు పోలికనుబట్టి గంజాయి పేరు దాని పేరులో చేరినది. కోస్తావారు గోంగూర యందురు; మనము పుంటికూర యందుము.

మొదటిసారి మొక్క పెంచువారు పుంటికూరతోనే ఆరంభించుట ఉత్తమము. నెలరోజులలో కూర చేతికి వచ్చును. ఆకుకూర గనుక దానికి నత్రజని చాలును. పూత చింత లేదు. అయితే ఒక జాగ్రత్త. నత్రజని మితిమీరినచో ఆకుకూరలలో నైట్రేటు నిలువ చేరును. ఎండ తగులని చోట మరింత చేరును. ఆ ఆకు వండి పెట్టునది మన పిల్లలకే గదా! కనుక ఆకుకూర కుండీలను ఎండలో ఉంచుడు. కోతకు వారము దినముల ముందే యూరియా నీరు ఆపుడు.

చివరగా ఒక్క మాట. 2025 వానాకాలమున ఒక్క యూరియా బస్తా కొరకు తెలంగాణ రైతులు తెల్లవారకముందే వచ్చి బారులు తీరిరి. చెప్పులను, పట్టాదారు పుస్తకములను వరుసలో పెట్టి కాచుకొనిరి. అట్టి వస్తువును మనము మిద్దెమీద పిడికిళ్లతో చల్లి, ఒక మొక్కను చంపి, తక్కినది మురుగు కాలువ పాలు చేయుట న్యాయమా? ఇంటి వంటగదిలో మిగులు కూరగాయల తొక్కలు, రాలిన ఆకులు, బియ్యము కడిగిన నీరు మన కుండీలకు చాలవరకు సరిపోవును. కావలసినది చిన్న చెంచా ఒకటి, ఓర్పు కొంత. ఈ మాఘమున మూలనున్న కుండీని వెలికి తీసి, మట్టి మార్చి, గుప్పెడు పుంటి గింజలు చల్లి చూడుడని కోరుచు సెలవు తీసికొనుచున్నాను.