పదహారేళ్ళలోపు బాలికలు



ఈ అమృతోత్సవ సభలో కన్నడసీమలో తెలుగు చదువుల భవిష్యత్తును గూర్చి నేను ప్రసంగిస్తానని పలువురు తలచి ఉంటారు. ఆ విషయాన్ని నాకంటె సమర్థులు చెప్పియున్నారు. నేను బాస్కెట్‌బాల్ గురించి చెప్పదలచాను.

2017 అక్టోబరులో బెంగళూరు నగరంలో పదహారేళ్ళలోపు బాలికల ఆసియా బాస్కెట్‌బాల్ ఛాంపియన్‌షిప్ జరిగింది. మన బాలికలను పన్నెండుగురిని వెంటబెట్టుకొని ఒకరోజు చూడటానికి వెళ్ళాను. ఆ పోటీలో దేశాల జట్లు ఎ, బి అని రెండు శ్రేణులుగా ఉంటాయి. ఎ శ్రేణిలో మొదటి నాలుగు స్థానాలు పొందిన జట్లకు మరుసటి ఏడాది పదిహేడేళ్ళలోపు ప్రపంచ పోటీలో ప్రవేశం లభిస్తుంది. బి శ్రేణిలో గెలిచిన జట్టు పై శ్రేణికి ఎక్కుతుంది. ఆ ఏడాది నుండే ఆస్ట్రేలియా, న్యూజిలాండ్ దేశాలు ఆసియా పోటీలలో చేరాయి. ఎ శ్రేణి విజేత ఆస్ట్రేలియాయే. బి శ్రేణిలో మన భారత బాలికలు విజేతలై పై శ్రేణికి చేరుకున్నారు. అదే ఏడాది జూలైలో, అదే నగరంలో, మన మహిళల జట్టు కూడా ఆసియా కప్ బి శ్రేణిని గెలిచింది.

ఆ బాలికల ఎత్తును, వేగాన్ని చూసి మన పిల్లలు ముగ్ధులయ్యారు. నా మనస్సు మాత్రం వారి వయస్సు దగ్గరే ఆగిపోయింది. పదిహేనేళ్ళు, పదహారేళ్ళు! మన పాఠశాలలో సరిగ్గా ఆ వయస్సుకే బాలిక చేతినుండి బంతిని మనం తీసుకుంటున్నాము.

ప్రతి జూన్ మాసంలోను నాకు ఉత్తరాలు వస్తాయి. అమ్మాయి తొమ్మిదవ తరగతికి వచ్చినది, సాయంకాలపు ఆటనుండి విడుదల చేయవలెనని. ట్యూషన్ అని ఒకరు, ఎండకు రంగు తగ్గుతుందని ఒకరు, నిక్కరు వేసుకొనే వయస్సు దాటిందని మరొకరు. వాటిని పారవేయక దాచి ఉంచాను. మగపిల్లవాని విషయమై ఇట్టి ఉత్తరం ఒక్కటైనా ఆ కట్టలో లేదు.

తల్లిదండ్రులను మాత్రమే తప్పుపట్టను. చాలాకాలం క్రితం ఒక బాలిక ఉండేది, పేరు చెప్పను. మైదానంలో అందరికంటె పొడగరి, బంతి చేతికి అందితే విడిచేది కాదు. తండ్రి ఆడనిమ్మన్నాడు. ఎస్.ఎస్.ఎల్.సి. పూర్తయ్యేవరకు మానవలసినదని చెప్పినది నేను. ఆమె ప్రథమశ్రేణిలో ఉత్తీర్ణురాలైంది. మరల బంతి పట్టలేదు. ఆనాడు నా మాట వివేకమనే అనుకున్నాను.

ఇట్టి వివేకం కొత్తది కాదు. 1891లో అమెరికాలో ఈ ఆట పుట్టిన మరుసటి ఏడాదే సెండా బెరెన్సన్ అనే ఉపాధ్యాయిని తన కళాశాల యువతులకు దీనిని నేర్పింది. అయితే వారు అలసిపోరాదని మైదానాన్ని మూడు భాగాలు చేసి, ఒక భాగంలోని క్రీడాకారిణి మరొక భాగంలో అడుగుపెట్టరాదని నియమం విధించింది. ఆమె మంచికోరినదే. ఒలింపిక్ క్రీడలలో పురుషుల బాస్కెట్‌బాల్ 1936లో చేరగా, మహిళలది 1976 వరకు వేచి ఉండవలసి వచ్చింది.

బెంగళూరులో నేను నేర్చుకున్న చిన్న సంగతి మరొకటి. బాలికలు ఆడవలసినది ఆరవ సైజు బంతి. పురుషుల ఏడవ సైజుకంటె చిన్నది, తేలిక. ఇన్నేళ్ళుగా మన పిల్లలచేత ఏడవ సైజు బంతితోనే ఆడించి, అది 3.05 మీటర్ల ఎత్తున ఉన్న రింగుకు అందకపోతే చేతులలో బలం లేదని మందలించాము. నవ్వుకోవలసిన విషయమే, కాని నాకు నవ్వు రాలేదు.

వచ్చే జూన్ నుండి తొమ్మిది, పది తరగతుల బాలికలకు సాయంకాలం 5 నుండి 6 వరకు ఆట ఉంటుంది. ఆ గంటసేపు నేను మైదానంలోనే కూర్చుంటాను. ఆరు దాటనివ్వను. ఆటకు పూర్తి పొడవు ట్రాక్ ప్యాంటు చాలును. పరీక్షలకు ముందరి రెండు నెలలు వారానికి మూడు రోజులే. ఆరవ సైజు బంతులు ఆరు కొన్నాము. అనుమతి పత్రాలు బయట వరండాలోని బల్లపై ఉన్నాయి; భోజనాలకు వెళ్ళేముందు సంతకం చేసి ఇవ్వవలసినదిగా కోరుతున్నాను.