మార్లవాయిలో మన సార్లు తయారైన కాలం

 

జనవరి 11న మార్లవాయి పోయినోళ్లు మీలో చాలామందే ఉంటారు. జైనూర్ మండలంలో చిన్న గోండు ఊరు. హైమన్‌డార్ఫ్, ఆయన భార్య బెట్టి ఎలిజబెత్ సమాధులు పక్కపక్కనే ఉంటాయి. దండలు వేస్తాం, ఆఫీసర్లు మాట్లాడతారు, తిరిగొస్తాం. ఇవాళ నేను సమాధుల గురించి కాదు, అదే ఊళ్లో 1943లో మొదలైన ఉపాధ్యాయ శిక్షణ కేంద్రం గురించి చెప్తాను. కాలేజీ అంటే మీకు గేటు, బోర్డు, బస్సులు గుర్తొస్తాయి. అట్లాంటివేం లేవు అక్కడ. కానీ గోండు మనిషి గోండు పిల్లలకు సారు కావడం నేర్చుకున్న చోటు అది. నా లెక్కలో అదే మన మొదటి కాలేజీ.

అది ఎవరి దయ వల్ల వచ్చింది? 1940లో జోడేఘాట్‌లో కుమ్రం భీంను, ఆయనతో ఉన్నోళ్లను నిజాం పోలీసులు కాల్చి చంపారు. ఆ తర్వాతే ప్రభుత్వానికి, ఈ గోండులు ఎందుకు తిరగబడ్డారో కనుక్కోవాలని తోచింది. ఆ పని హైమన్‌డార్ఫ్‌కు అప్పగించారు. ఆయన ఆస్ట్రియా దేశస్థుడు. రెండో ప్రపంచ యుద్ధం నడుస్తోంది కాబట్టి బ్రిటిషోళ్ల లెక్కలో శత్రుదేశం మనిషి. హైదరాబాద్ సంస్థానంలోనే ఉండిపోవాల్సి వచ్చింది. భార్యాభర్తలు మార్లవాయిలో కాపురం పెట్టి, గోండీ నేర్చుకున్నారు. ఆయన మంచి మనిషే, కాదనను. అయితే జోడేఘాట్ లేకుంటే మార్లవాయి బడి లేదు. వరస మర్చిపోకండి.

ఇక శిక్షణ ఎట్లా నడిచింది? చిక్కు మొదట్లోనే వచ్చింది. బయటి సార్లను పంపితే వాళ్లకు గోండీ రాదు, కొండల మీద నిలవరు. గోండులను సార్లుగా పెడదామంటే చదువుకున్నోళ్లు లేరు. అందుకని ఎక్కడెక్కడో నాలుగు మరాఠీ అక్షరాలు వచ్చిన గోండు మగవాళ్లను వెతికి పోగేశారు. వాళ్లకు నేర్పి, ఊళ్లకు పంపారు. వాచకాలు గోండీలోనే తయారు చేశారు. లిపి మాత్రం దేవనాగరి, ఎందుకంటే అప్పట్లో మన ప్రాంతంలో మరాఠీ నడిచేది. గోండీతో అక్షరం పట్టుబడితే అదే అక్షరంతో మరాఠీ కూడా చదవొచ్చు. పిల్లోడు బడిలో మొదటిరోజు విన్న మాట వాళ్లమ్మ మాటే.

ఇంకో సంగతి. ఆ కేంద్రంలో సార్లే కాదు, పట్వారీ పనికి కూడా మనోళ్లను తయారు చేశారు. దీని విలువ భూమి పోగొట్టుకున్న ఇంట్లో అడిగితే తెలుస్తుంది. పహాణీలో ఎవరి పేరు రాశారో చదవలేక, వేలిముద్ర వేసి చేన్లు పోగొట్టుకున్న జనం మనది. భీం అడిగిన జల్, జంగల్, జమీన్‌లో జమీన్‌ను నిలబెట్టుకోవాలంటే కాగితం చదివే మనిషి ఊళ్లో ఉండాలె.

మరి ఏమైంది? 1948లో సంస్థానం పోయింది. 1956లో ఆదిలాబాద్ ఆంధ్రప్రదేశ్‌లో కలిసింది. మరాఠీ పోయి తెలుగు వచ్చింది. దేవనాగరిలో అచ్చయిన గోండీ పుస్తకాలు ఎవరికీ అక్కర్లేకుండా పోయాయి. లిపి మార్చి గోండీని నిలబెట్టొచ్చు గదా? తెలుగు అక్షరాల్లో గోండీ వాచకం వేయడం అంత కష్టమా? ఆ పని చేయకుండా గోండీనే పక్కనపెట్టారు. మనకు సొంత లిపే ఉందని నార్నూర్ మండలం గుంజాల రాతప్రతులు బయటపడ్డాక లోకానికి తెలిసింది. 2018లో ఆ లిపి యూనికోడ్‌లోకి ఎక్కింది. ఫోన్లో రాసుకోవచ్చు. 2011 జనాభా లెక్కల్లో గోండీ మాతృభాష అని చెప్పినోళ్లు 29 లక్షల పైనే. అయినా ఎనిమిదో షెడ్యూల్లో గోండీకి చోటు లేదు.

ఇదంతా పాత కథ అనుకోకండి. 2000లో వచ్చిన జీవో 3 ఏం చెప్పింది? షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో సారు పోస్టులన్నీ స్థానిక గిరిజనులకే అని. మార్లవాయి ఆలోచనే గదా అది. 2020 ఏప్రిల్ 22న సుప్రీంకోర్టు నూటికి నూరు శాతం రిజర్వేషన్ చెల్లదని దాన్ని కొట్టేసింది. అప్పటికే చేరినోళ్ల ఉద్యోగాలు తీసేయలేదు, కానీ ముందు రావాల్సినవి? మీలో డీఎడ్, బీఎడ్ చేసి ఎదురుచూస్తున్నోళ్లకు నేను చెప్పాల్సిన పని లేదు. కోర్టు శాతం గురించి మాట్లాడింది. గోండీ, కొలామీ వచ్చిన మనిషే ఒకటో తరగతి పిల్లలకు చెప్పాలనే మాట ఇంకా మన చేతిలోనే ఉంది. భాష వచ్చినోళ్లకే ఆ పోస్టు ఇచ్చేలా నియమం అడుగుదాం.

అడగడానికి ఆధారాలు కావాలె. ఆ సార్ల దగ్గర చదువుకున్న ముసలోళ్లు అక్కడక్కడ మిగిలారు. మీ అవ్వనో తాతనో కూర్చోబెట్టి అడగండి: మీ సారు పేరేంటి, ఏ ఊరు, ఏ భాషలో చెప్పేవాడు? ఫోన్లో రికార్డు చేయండి. ఇంట్లో అటక మీద పాత గోండీ వాచకం దొరికితే ఎవరికీ ఇచ్చేయకండి, ప్రతి పేజీ ఫొటో తీసి దాచండి. ఈ ఎండాకాలం సెలవుల్లోనే మొదలుపెట్టండి.