సైప్రసు ద్వీపములో ఇల్లు కొనుట

ఉద్యోగవిరమణానంతరము సముద్రపుటొడ్డున ఒక చిన్న ఇల్లు, పెరటిలో రెండు నిమ్మచెట్లు, మంచు కురియని శీతకాలము. ఇంగ్లండు మొదలగు ఉత్తరదేశములవారు ఈ కోరికతో మధ్యధరాసముద్ర ద్వీపములకు తరలివచ్చుట చాలకాలముగా జరుగుచున్నది. విదేశములలో పనిచేసి నాలుగు రూకలు వెనుకవేసికొనిన మనవారికిని అట్టి ఊహ రాకపోదు. మాల్టా, క్రీటు, మయోర్కా మొదలైన ద్వీపములు పెక్కులున్నను, ఈ ప్రసంగములో సైప్రసును గూర్చియే చెప్పదలచితిని. ఇల్లెంత, వెలయెంత అను ప్రశ్నలకు ముందు, ఆ నేల ఎవరిది అని అచ్చట అడుగవలసియున్నది.

సిసిలీ, సార్డీనియాల తరువాత ఆ సముద్రములో పెద్ద ద్వీపమిదియే. వైశాల్యము 9,251 చదరపు కిలోమీటర్లు. అనగా 2022 విభజనకు పూర్వమున్న మన కృష్ణాజిల్లాకంటె కొంచెము పెద్దది. 1878లో తురుష్క సుల్తాను ఏలుబడినుండి ఆంగ్లేయుల పాలనలోనికి వచ్చి, 1960లో స్వతంత్రమైనది. ఆంగ్లేయులు విడిచిన గుర్తులలో కొన్ని మనకు సుపరిచితములు. బండ్లు ఎడమవైపున నడచును. అంతకంటె వింత యేమన, అచ్చటి ఒడంబడికల చట్టము 1872 నాటి మన భారత కాంట్రాక్టు చట్టమును చూచి వ్రాసినది. బెజవాడ వకీలొకరు ఆ పుస్తకము తెరచినచో పాతమిత్రుని కలసికొన్నట్లే యుండును.

1912లో మన జలంధరులో పుట్టిన ఆంగ్ల రచయిత లారెన్స్ డరెల్ 1953లో ఈ ద్వీపమునకు వచ్చి, బెల్లపాయిస్ అను కొండపల్లెలో ఒక పాత ఇల్లు కొనెను. ఆ బేరమును ఆయన తన ‘బిట్టర్ లెమన్స్’ అను గ్రంథములో సరసముగా వర్ణించెను. నేల ఒకరిది, దానిలోని చెట్టు వేరొకరిది, బావిలో నీరు మరియొకరిది కావచ్చునట! నలుగురు జ్ఞాతులు ఒప్పుకొననిదే గోడ కూడ చేతికి రాదు. మూడేండ్లకే, ఆంగ్లపాలనపై తిరుగుబాటు ముదిరిన రోజులలో, ఆయన ఆ ఇల్లు విడిచి వెడలిపోయెను.

డరెల్ చూచిన చిక్కులు నవ్వుకొనదగినవి. తరువాత వచ్చిన చిక్కు అట్టిది కాదు. గ్రీకు సైప్రసీయులకును తుర్కీ సైప్రసీయులకును వైరము ప్రబలగా, 1964లో ఐక్యరాజ్యసమితి శాంతిసేన వచ్చినది. దాని మొదటి ఇద్దరు సేనానులును భారతీయులే. వారిలో రెండవవాడు జనరల్ తిమ్మయ్య 1965 డిసెంబరులో ఆ ద్వీపముననే కన్నుమూసెను. 1974 జూలైలో నికోసియాలో కుట్రదారులు ప్రభుత్వమును కూలద్రోయగా, తుర్కీసేనలు ఉత్తరతీరమున దిగినవి. ద్వీపము రెండైనది. లక్షన్నరకు పైబడి గ్రీకులు దక్షిణమునకును, నలుబదివేలకు పైగా తుర్కీలు ఉత్తరమునకును పోయిరి. పొయ్యిమీది కుండ పొయ్యిమీదనే విడిచి తాళముచెవి మాత్రము జేబులో వేసికొని పోయినవారెందరో!

2003 ఏప్రిలులో ఆ సరిహద్దు దాటనిచ్చిరి. ఇరువది తొమ్మిదేండ్ల తరువాత జనులు వేలకొలది బారులుతీరి, తమ యిండ్లను చూచుకొనుటకు పోయిరి. తమ తలుపు తామే తట్టి, లోపలివారి సెలవుతో అడుగుపెట్టిరి. లోపలనున్న కుటుంబమును ఒక్కొక్కచోట పాఫోసునుండియో, లిమాసోలునుండియో ఇల్లు పోగొట్టుకొని వచ్చినదే. 1947లో పంజాబు చూచినవారికి ఇది వేరుగ చెప్పనక్కరలేదు.

ఇట్టి నేలమీద, అగ్గువగా వచ్చుచున్నదని, విదేశీయులు విల్లాలు కొనసాగిరి. 2002లో ఒక ఆంగ్ల దంపతులు ఉత్తరతీరమునందలి లపీథోసులో స్థలము కొని, ఇల్లును ఈతకొలనును కట్టుకొనిరి. ఆ స్థలము 1974లో పారిపోయిన ఒక గ్రీకు కుటుంబమువారిది. సరిహద్దు తెరువబడగానే యజమాని వచ్చి చూచెను, దావా వేసెను. 2004లో నికోసియా న్యాయస్థానము ఆ ఇల్లు పడగొట్టి స్థలమును అప్పగింపుమని తీర్పుచెప్పినది. ఆ తీర్పు ఉత్తరభాగములో చెల్లదు గదా యని తలపవచ్చును. కాని సైప్రసు అదే యేట ఐరోపా సమాఖ్యలో చేరినది. సమాఖ్య న్యాయస్థానము 2009లోను, లండనులోని అప్పీలు న్యాయస్థానము 2010లోను, ఆ తీర్పు ఇంగ్లండులో చెల్లునని నిర్ణయించినవి. ద్వీపములోని ఇంటికై ఇచ్చిన సొమ్ము పోవుటయే గాక, స్వదేశములోని ఆస్తియు చిక్కులో పడినది.

ఉత్తరమున నష్టపరిహారము నిర్ణయించు సంఘమొకటి కలదు. దానిని తగిన మార్గముగా స్ట్రాస్‌బర్గు మానవహక్కుల న్యాయస్థానము 2010లో అంగీకరించినది. అయినను సైప్రసు గణతంత్రము 2006లో చేసిన చట్టమును బట్టి, యజమాని సమ్మతి లేనిదే అట్టి ఆస్తిని అమ్ముటయు కొనుటయు ఏడేండ్లవరకు శిక్షార్హమైన నేరము. 2024లో అట్టి నేలపై ఇండ్లు కట్టించి అమ్మినవారు కొందరు అరెస్టయిరి కూడ. కనుక ఉత్తరమున అగ్గువ యన్నమాట వినబడినపుడు, అగ్గువకు కారణమేదియో తెలిసికొనుట మంచిది.

పోనీ, దక్షిణమున భయము లేదందురా? అచ్చటను తుర్కీలు విడిచిపోయిన ఇండ్లున్నవి. మనయొద్ద ‘ఇవాక్యూ’ ఆస్తులవలెనే, వాని సంరక్షణ 1991 చట్టముచే ప్రభుత్వము చేతిలోనున్నది. ఎవరుపడిన వారు అమ్మజాలరు. క్రొత్త ఇండ్లలో చిక్కు వేరు. కట్టడదారు స్థలమును బ్యాంకులో తాకట్టుపెట్టి, ఆపైన ఇండ్లు కట్టి అమ్మును. కొన్నవాడు పూర్తిసొమ్ము చెల్లించియు, హక్కుపత్రము రాక యేండ్లు వేచియుండును. 2013లో బ్యాంకులు కుంగినపుడు ఇట్లు చిక్కుకొనినవారు వేలకొలది బయటపడిరి. వారికొరకు 2015లో ప్రత్యేకచట్టము చేయవలసివచ్చినది. అందుచే క్రయ ఒడంబడికపై సంతకము చేసిన ఆరునెలలలోగా దానిని భూమి రిజిస్ట్రీలో దాఖలు చేయవలెను. అట్లు దాఖలైనపిదప అమ్మినవాడు దానినే మరియొకరికి అమ్ముటకు వీలులేదు. అంతకుముందే మన ఈ.సీ. వంటి శోధనపత్రము తెప్పించుకొని, తాకట్టు లేదని నిశ్చయించుకొనవలెను. అమ్మువాడు చూపిన వకీలును గాక, వేరొకరిని పెట్టుకొనుట అవసరము. ఈ ఖర్చులో పొదుపు చేయరాదని నా యభిప్రాయము.

ఐరోపా సమాఖ్యకు చెందనివారికి ప్రభుత్వానుమతియు కావలెను. భారతదేశమునుండి సొమ్ము పంపువారికి రిజర్వుబ్యాంకు విధించిన పరిమితి, మనిషికి ఆర్థికసంవత్సరమునకు 2,50,000 డాలర్లు. పెట్టుబడికి ప్రతిఫలముగా పౌరసత్వమిచ్చు పద్ధతి 2020 నవంబరుతో రద్దైనది. అట్టిది ఇప్పటికిని దొరకునని చెప్పు దళారిని నమ్మనవసరము లేదు.

ఇక నీటిమాట. 2008లో వానలు లేక, గ్రీసునుండి ఓడలలో త్రాగునీరు తెచ్చుకొనిరి. సముద్రజలమును మంచినీరుగా మార్చు యంత్రాగారములపై ద్వీపము నేడు ఎక్కువగా ఆధారపడుచున్నది. ఊరిబయట తోటయింటిని చూచునపుడు కుళాయి త్రిప్పి చూడవలెను. బావియున్నచో దాని హక్కు ఎవరిదో వ్రాతలో చూడవలెను. వేసవిలో ఒకమారును, జనవరిలో ఒకమారును ఆ ఊర అద్దెకుండి చూచినపిదప బయానా ఇచ్చుట మేలు. రాతిగోడల పాతయిండ్లలో జనవరి రాత్రి చలి ఎట్టిదో, మే నెలలో ఇల్లు చూపు దళారి చెప్పడు.